54 ఏళ్ల పని, 88 ఏళ్ల విరామం

1909లో ఒక చిన్న ఇంజనును పనిలోంచి తీసేసి హౌరా స్టేషన్ బయట అలంకారానికి నిలబెట్టారు. అప్పటికి దాని వయసు 54 ఏళ్లు. స్టేషనుకి వచ్చేపోయేవాళ్లు దాని పక్కనుంచే వెళ్లేవాళ్లు. రైలందుకునే తొందరలో ఉన్నవాడికి రైలింజనును చూసే తీరిక ఎక్కడిది? అలా ఆగిపోయినది మళ్లీ తన ఆవిరితో తాను మెయిన్ లైను మీద కదిలింది 1997 జూలై 18న. మధ్యలో 88 ఏళ్లు. దాన్ని తయారు చేసిననాడు ఈ దేశాన్ని ఏలుతున్నది కంపెనీ. పక్కన పెట్టిననాడు విక్టోరియా రాణి కొడుకు చక్రవర్తి. మళ్లీ లేచేనాటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు నిండబోతున్నాయి.

పేరు ఫెయిరీ క్వీన్. ఈస్ట్ ఇండియన్ రైల్వే చిట్టాలో నంబరు 22. దీని గురించి రాసేవాళ్లు చాలామంది గిన్నిస్ రికార్డుతో మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. నాకు మాత్రం ఆ రికార్డు కంటే ఈ రెండు అంకెలే ఎక్కువ ఆసక్తి: 54, 88. పనిచేసిన కాలం కంటే పని లేకుండా నిలబడిన కాలమే ఎక్కువ. నిలబడబట్టే తుక్కు కింద కరిగిపోకుండా మిగిలింది. కానీ నిలబడినంత మాత్రాన ఏ ఇంజనూ మళ్లీ లేవదు. లేపడానికి చేతులు కావాలి. ఆ చేతులు సరిగ్గా ఏ సమయానికి దొరికాయన్నదే ఈ కథలో నాకు కనిపించిన అసలు విశేషం.

ముందు ఇంజను పుట్టక మునుపటి రోజులు ఒకసారి చూడాలి. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరింది 1830 మే 18న. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పల్లకీ, బోయీలు, డేరాలు, వెంట పెద్ద పరివారం. పదిహేను నెలలు పైబడిన ప్రయాణం. ఆయన తిరుగు ప్రయాణంలో వంగదేశం మీదుగా వచ్చి కలకత్తా చూశాడు. అప్పటికి ఇంగ్లండులో లివర్‌పూల్ నుంచి మాంచెస్టరుకు ఆవిరి రైలు మొదలైంది. కలకత్తా చుట్టుపక్కల మాత్రం పడవ, ఎద్దుబండి, బోయీ భుజమే గతి. మరో పాతికేళ్లు తిరగకుండానే అదే కలకత్తాకి ఎదురుగా, హుగ్లీ నది ఆవలి ఒడ్డున, హౌరాలో రైలు కూత వినిపించింది.

ఆ రైలు అక్కడ ఎందుకు వచ్చిందంటే యాత్రికుల కోసం కాదు, బొగ్గు కోసం. రాణీగంజ్ గనుల్లో బొగ్గు ఉంది. 1836లో ద్వారకానాథ్ ఠాగూరు, అంటే రవీంద్రుడి తాతగారు, ఆ గనిని కొన్నాడు. తవ్విన బొగ్గుని కలకత్తా చేర్చే దారి దామోదర్ నది. ఆ నది వానాకాలంలోనే పడవని మోస్తుంది. తక్కిన రోజుల్లో ఇసుక మేటలు. ఏడాదంతా తవ్వి నాలుగు నెలల కోసం కాచుకోవాలి. అందుకే రాణీగంజ్ దాకా పట్టాలు వేయాలని రోలండ్ మెక్‌డొనాల్డ్ స్టీఫెన్‌సన్ లండనులో, కలకత్తాలో ఏళ్ల తరబడి తిరిగి ఈస్ట్ ఇండియన్ రైల్వే కంపెనీని నిలబెట్టాడు. పట్టాలు వేసే పని చూసిన చీఫ్ ఇంజనీరు జార్జ్ టర్న్‌బుల్.

మొదటి అడుగులోనే అపశకునాలు. పెట్టెల నమూనాలు తెస్తున్న గుడ్విన్ అనే ఓడ హుగ్లీ ముఖద్వారం దగ్గర శాండ్‌హెడ్స్‌లో మునిగిపోయింది. మొదటి ఇంజనును తెస్తున్న ఓడ దారి మళ్లి ఆస్ట్రేలియా వెళ్లింది; అక్కణ్నుంచి మళ్లీ ఇటు తిప్పి పంపాల్సి వచ్చింది. ఒకటి నీళ్లపాలు, రెండోది తిరిగి తిరిగి ఇల్లు చేరిన బాపతు. పెట్టెలు ఇక కలకత్తాలోనే చేయించుకున్నారు. చివరికి 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి, 24 మైళ్ల దూరం, తొలి ప్రయాణికుల రైలు నడిచింది. సీట్ల కోసం మూడు వేల దరఖాస్తులు వచ్చాయట. 1855 ఫిబ్రవరి 3న లైను రాణీగంజ్ చేరింది. మొత్తం 121 మైళ్లు. మన కొలతలో 195 కిలోమీటర్లు.

ఆ ఏడాదే మన ఇంజను పుట్టింది. ఊరు ఇంగ్లండులోని లీడ్స్. కార్ఖానా కిట్సన్, థాంప్సన్ అండ్ హ్యూవిట్‌సన్. ఈ కార్ఖానాకి మూలపురుషుడు జేమ్స్ కిట్సన్. అంతకు ముందు టాడ్, కిట్సన్ అండ్ లేర్డ్ అన్న పేరుతో ఆయన భాగస్వామ్యంలో 1838లో తయారైన ఇంజన్లలో లయన్ అని ఒకటి ఉంది. అదీ బతికే ఉంది. ఎలా బతికిందో తెలుసా? 1859లో దాన్ని లివర్‌పూల్ రేవు వాళ్లు కొనుక్కుని, డాక్‌లో నీళ్లు తోడే పంపుకి కట్టేశారు. పట్టాల సంగతి మరిచి సుమారు డెబ్బై ఏళ్లు నీళ్లు తోడుతూ కూర్చుంది. తర్వాత ఎవరో గుర్తుపట్టి బయటికి తీశారు. 1953లో ఒక హాస్య సినిమాలో కథానాయిక వేషం కూడా వేసింది. పాత ఇంజన్ల చరిత్రలో ఇలాంటివి చూస్తుంటే నాకొకటి తోస్తుంది: గొప్ప ఇంజన్లు అరిగిపోయి పోతాయి, ఎక్కడో మూల పడ్డవే మిగులుతాయి.

లీడ్స్ నుంచి కలకత్తాకి అప్పుడు సూయజ్ కాలువ లేదు. అది తెరిచింది 1869లో. ఆఫ్రికా కొన చుట్టి రావాలి. 1855లో ఇంజను కలకత్తాలో దిగింది. తోడుగా దాని అక్క, నంబరు 21, ఎక్స్‌ప్రెస్ అన్న పేరుగలది. ఈ అక్క సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు కొంచెం ఇంజను దగ్గరకి వెళ్దాం. మా తరం వాళ్లకి బొగ్గింజను అంటే బిట్రగుంటలోనో కాజీపేటలోనో రాజమండ్రిలోనో చూసిన భూతం లాంటి నల్లటి శరీరం, వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరు. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో బొగ్గు నలుసు. ఫెయిరీ క్వీన్‌ని ఆ లెక్కన ఊహించుకుంటే పొరపాటు. బరువు 26 టన్నులు. దీనికి వెనక టెండరు లేదు. నీళ్లు తన ఒంట్లోనే మోసుకుంటుంది. అందుకే ఇలాంటివాటిని ట్యాంక్ ఇంజన్లన్నారు. నీళ్ల తొట్టిని బాయిలర్ మీద జీనులాగా కప్పితే శాడిల్ ట్యాంక్, రెండు పక్కలా పెట్టెల్లా పెడితే సైడ్ ట్యాంక్. దీనిది మూడో రకం: తొట్టి అడుగున, చక్రాల నడుమ ఫ్రేము కింద వేలాడుతుంది. నుయ్యి లాగా కింద ఉంటుంది కాబట్టి వెల్ ట్యాంక్. సుమారు 3,000 లీటర్లు పడుతుంది.

టెండరు లేకపోవడం వల్ల లాభం ఏమిటంటే ముందుకీ వెనక్కీ ఒకే తీరుగా పరుగెత్తగలదు. గమ్యం చేరాక తిప్పడానికి గుండ్రటి బల్ల అక్కర్లేదు. నష్టమూ ఉంది. దూరం పోలేదు. ఇంకో చిక్కు, చాలామంది గమనించనిది: ఇంజను పట్టాలను గట్టిగా పట్టుకునేది తన బరువుతోనే. దారి పొడవునా నీళ్లు ఖర్చయ్యేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది. 3,000 లీటర్లంటే మూడు టన్నులు. 26 టన్నుల మనిషి మూడు టన్నులు చిక్కిపోతే పట్టు ఎంత తగ్గుతుందో ఊహించండి. పైగా దీనికి లాగే చక్రాల జత ఒక్కటే. ముందొక జత, వెనకొక జత చిన్నవి, మధ్యలో ఆరడుగుల పెద్ద జత. సిలిండర్లు రెండు, బయటివైపు, పన్నెండంగుళాల వ్యాసం, ఇరవై రెండంగుళాల పిస్టను ప్రయాణం. శక్తి 130 హార్స్‌పవర్. ఇవాళ పల్లెటూరి సర్వీసు బస్సుకి అంత ఉంటుంది. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే దాదాపు ఐదు మీటర్ల ముప్పావు దూరం పోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగానికి ఆ చక్రం నిమిషానికి నూటపదహారు సార్లు తిరగాలి. నూటపదహార్లు! మనవాళ్లు కట్నం చదివించే లెక్క.

ఆ కాలపు ఇంజన్లలో మరో విచిత్రం. బాయిలరులోకి నీళ్లెక్కించే ఇంజెక్టరు అనే సాధనాన్ని ఫ్రాన్సులో జిఫార్డ్ కనిపెట్టింది 1858లో. అంతకు ముందు పుట్టిన ఇంజన్లు పిస్టన్ కదలికకి కట్టిన పంపుతోనే నీళ్లెక్కించుకునేవి. అంటే ఇంజను నడుస్తుంటేనే బాయిలరుకి నీళ్లు. స్టేషన్‌లో ఎక్కువసేపు ఆగాల్సి వస్తే, లోపల నీటిమట్టం పడిపోతుంటే, డ్రైవరు ఇంజనును పెట్టెల నుంచి విడదీసి, అటు కొంత దూరం, ఇటు కొంత దూరం ఊరికే పరుగెత్తించి నీళ్లు పట్టించుకుని వచ్చేవాడు. కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటే దీనికి దాహం తీరేది కాదన్నమాట.

పనిలోకి దిగిన కొత్తలో దీనికి అప్పజెప్పింది హౌరా, రాణీగంజ్ మధ్య తేలికపాటి మెయిలు బళ్లు. రెండేళ్లు తిరగకుండానే 1857 వచ్చింది. ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డారు. కలకత్తా నుంచి సైన్యాన్ని పంపాలి. పట్టాలు ఉన్నది రాణీగంజ్ దాకానే. అక్కడ దిగి ఎద్దుబళ్ల మీద గ్రాండ్ ట్రంక్ రోడ్డు పట్టాలి. ఆ తిరుగుబాటు రోజుల్లో ఈ ఇంజను సైనికుల బళ్లు లాగింది. ఆ ఏడాది మే నెలలో మద్రాసు నుంచి ఓడలో వచ్చిన మద్రాస్ ఫ్యూజిలియర్స్ దండు హౌరా చేరింది. దండనాయకుడు కర్నల్ జేమ్స్ నీల్. మనుషులంతా ఇంకా నది దాటి రాలేదు, బండి బయలుదేరే వేళ అయింది. టైము టైమే అన్నారు స్టేషన్ వాళ్లు. నీల్ స్టేషన్ మాస్టర్నీ, డ్రైవర్నీ, ఫైర్‌మన్నీ తన సైనికుల కాపలాలో నిలబెట్టి, తన దండు చివరి మనిషి ఎక్కేదాకా బండి కదలనివ్వలేదు. ఆ రాత్రి ఆ బండికి కట్టిన ఇంజను ఏ నంబరుదైనా కానీ, మన దేశంలో రైలును ఆపించే అధికార దర్పానికి తొలి మెట్లలో అదొకటి. ఆ నీలే తర్వాత కాశీ, అలహాబాదుల్లో సాగించిన ఉరితీతలతో కసాయిగా పేరు మోశాడు. ఆయన విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డులో దశాబ్దాలు నిలబడింది. 1927లో దాన్ని తీసెయ్యాలని సత్యాగ్రహం జరిగింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక తీసేశారు. విగ్రహాలకీ కాలం చెల్లుతుంది. కానీ ఆ విగ్రహం పోయిన ఊళ్లోనే, ఆనాడు అవే పట్టాల మీద తిరిగిన ఈ ఇంజను తర్వాత మళ్లీ ప్రాణం పోసుకోవడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే తోస్తుంది.

ఇక పట్టాలు ఇంజనును దాటి ముందుకు పోయాయి. 1862 చివరికి మొగల్‌సరాయ్, 1865లో అలహాబాదు యమున మీద వంతెన, మరుసటి ఏడాది ఢిల్లీ. దూరం పెరిగేకొద్దీ బళ్లు బరువెక్కాయి. ఒక్క జత చక్రాలతో లాగే ఇంజను అక్కడ పనికిరాదు. రెండు జతలు, మూడు జతలు కలిపి కట్టిన పెద్ద ఇంజన్లు వచ్చాయి. 1862లోనే జమాల్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు తెరిచారు. నంబరు 22ని బీహారులో లైను నిర్మాణ పనులకి పంపారు: సామాన్ల బళ్లు, ఇసుక, రాయి, కూలీలు. మెయిలు బండి లాగినది మట్టి బండికి వచ్చింది. ఇళ్లలో కూడా అంతేగా. కొత్త కోడలు రాగానే పాత కోడలు పశువుల కొట్టంలోకి.

అలా మట్టి పనిలో ఉండగానే 1895లో దానికి ఫెయిరీ క్వీన్ అని నామకరణం చేశారు. నలభై ఏళ్లకి బారసాల! పేరు పెట్టిన పద్నాలుగేళ్లకి రిటైరు చేశారు.

విరామం హౌరాలో మొదలైంది; 1943 దాకా అక్కడే. ఆ ఏడాది దాన్ని ఉత్తరప్రదేశ్ చందౌసీలోని రైల్వే శిక్షణ పాఠశాలకి తరలించారు. యుద్ధ కాలం, ఇనుము బంగారమైన రోజులు. తుక్కు కొలిమికి పోకుండా బడికి పోయింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లకి అదొక వింత వస్తువు. వాళ్లు ఉద్యోగాల్లోకి వెళ్లారు, పెద్ద పెద్ద ఇంజన్లు నడిపారు, రిటైరయ్యారు. అది అక్కడే ఉంది.

బయట ఆవిరి యుగమే ముగియడం మొదలైంది. చిత్తరంజన్‌లో చివరి బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజను 1970లో బయటికొచ్చింది. పేరు అంతిమ్ సితారా. 1972లో చివరి మీటర్ గేజ్ ఇంజను తయారైంది. అదే 1972లో ఫెయిరీ క్వీన్‌ని జాతీయ సంపదగా గుర్తించారు. కొత్తవి చేయడం ఆపేసిన ఏడాదే పాతదాని విలువ తెలిసింది. 1977 ఫిబ్రవరిలో ఢిల్లీ చాణక్యపురిలో రైల్వే మ్యూజియం తెరిచారు. దానికి సలహాదారుగా మైకేల్ సాటో అనే ఇంగ్లీషాయన, పాత ఇంజన్లంటే ప్రాణమిచ్చే మనిషి, ఎంతో శ్రమపడ్డాడు. ఫెయిరీ క్వీన్‌కి అక్కడ ప్రత్యేక స్థానం దొరికింది. పని లేకపోయినా మర్యాద దక్కింది.

1995 డిసెంబరు 6న ఫిరోజ్‌పూర్, జలంధర్ మధ్య చివరి బ్రాడ్ గేజ్ ఆవిరి బండి నడిచింది. సరిగ్గా ఇక్కడే కథ మలుపు తిరిగింది. అప్పటి మ్యూజియం డైరెక్టరు అశ్వనీ లోహాని, తర్వాత రైల్వే బోర్డు ఛైర్మన్ అయిన మనిషి, ఫెయిరీ క్వీన్‌ని మళ్లీ నడిపించాలని పట్టుబట్టాడు. 1996లో ఇంజను చెన్నై పెరంబూరు లోకో వర్క్స్‌కి చేరింది. ఇంకో పదేళ్లు ముందు ఈ ఆలోచన వచ్చి ఉంటే, ఇంకా వేల ఇంజన్లు పొగ చిమ్ముతుంటే, ఈ ముసలిదాని గురించి ఎవరు పట్టించుకుంటారు? ఇంకో పదిహేనేళ్లు ఆలస్యమై ఉంటే బాయిలరు గొట్టాలు బిగించడం చేతికి తెలిసిన మనిషి రిటైరై ఊళ్లో మనవల్ని ఆడించుకుంటూ ఉండేవాడు. ఆవిరి వెళ్లిపోయింది గాని, ఆవిరి తెలిసిన చేతులు ఇంకా డ్యూటీలో ఉన్నాయి. తలుపు మూసుకుంటుండగా లోపలికి దూరినట్టు పని జరిగింది.

పెరంబూరుకి ఈ పని కొత్త కాదు. మద్రాసు రైల్వే కాలం నుంచి, అంటే 1856 నుంచి, అక్కడ రిపేర్ల కొట్టు ఉంది. మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు దక్షిణాది తొలి రైలు నడిచింది కూడా ఆ ఏడాదే, జూలై 1న. అంటే ఇంజనూ కార్ఖానా దాదాపు ఒక ఈడువి.

పాత ఆవిరి ఇంజనును విప్పడం అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఎందుకంటే పేపర్లలో పునరుద్ధరించారు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మొదట బాయిలరు ఫ్రేము మీంచి పైకి లేస్తుంది. లోపలి గొట్టాలన్నీ ఊడబెరకాలి. వాటి మీద ఏళ్ల తరబడి పేరుకున్న సున్నపు పొర రాయిలా ఉంటుంది. మంట మండే పెట్టెకీ బయటి పెంకుకీ నడుమ వందల సంఖ్యలో స్టేలుంటాయి. పీడనానికి గోడలు ఉబ్బిపోకుండా పట్టి ఉంచేవి అవే. వాటిలో విరిగినదేదో కంటికి కనిపించదు. చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నీ కొట్టి చెవి పెట్టి వినాలి. గట్టిది ఖంగుమంటుంది, విరిగినది మొద్దుగా పలుకుతుంది. సంతలో కుండ కొనేటప్పుడు మా నాయనమ్మ చేసే పనీ అదే. తర్వాత బాయిలరు నిండా చన్నీళ్లు పోసి, రోజూ పనిచేసే పీడనానికి మించి నొక్కి చూస్తారు. చెమ్మ కారితే పోయినట్టే. నీళ్లతోనే ఎందుకంటే, ఆవిరితో పరీక్ష చేస్తుండగా పగిలితే పక్కనున్న మనిషి మిగలడు.

కింద చక్రాల పని వేరు. టైర్లు అరిగి ఉంటే లేత్ మీద చెక్కాలి, లేదా కొత్తవి కాల్చి తొడగాలి. బాగా కాగిన ఇనుప పట్టా చల్లారుతూ చక్రాన్ని పట్టేసుకుంటుంది, మన బండి చక్రానికి కమ్మరి కట్టు వేసినట్టే. ఇరుసుల బేరింగుల్లో వైట్ మెటల్ కరిగించి పోసి, ఇరుసు మీద ఆనించి, ఎక్కడ తాకుతోందో రంగు పూసి చూసి, గీరి, మళ్లీ ఆనించి, మళ్లీ గీరాలి. దీనికి తొందర పనికిరాదు. చివరికి వాల్వులు. ఆవిరి సిలిండరులోకి ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు రావాలి అన్న లెక్క కాస్త తప్పినా ఇంజను కుంటుతుంది. అనుభవమున్న ఫిట్టరు పట్టాల పక్కన నిలబడి, పొగగొట్టం వేసే దరువు విని, ఏ దెబ్బ మెత్తగా పడిందో చెప్పేస్తాడు. రెండు సిలిండర్ల ఇంజనుకి చక్రం ఒక్క చుట్టుకి నాలుగు దెబ్బలు. నాలుగూ సమానంగా పడాలి. ఏక తాళం.

ఇన్ని మార్చాక అది పాత ఇంజనేనా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. రైళ్ల మీద మక్కువ ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం మీద రాత్రంతా వాదించుకోగలరు. 1909 దాకా పనిచేసిన కాలంలోనే ఇంజన్ల గొట్టాలూ బేరింగులూ టైర్లూ ఎన్నోసార్లు మారేవి. బాయిలర్లు కూడా మారేవి. మనకైతే దీనికి తడుముకోవాల్సిన పని లేదనుకుంటాను. పూరీలో నవకళేబరం జరిగితే జగన్నాథుడు కొత్తవాడు అయ్యాడని ఎవరూ అనరు. గుడి గోపురం కూలితే జీర్ణోద్ధరణ చేస్తాం, దేవుడు పాతవాడే. అయితే ఈ పోలికలో ఒక మెలిక ఉంది: గుడికి జీర్ణోద్ధరణ చేసినప్పుడు తీసిన పాత రాయిని ఎక్కడపడితే అక్కడ పారెయ్యకూడదు. ఇంజను నడిపించేవాళ్లు ఆ నియమాన్ని ఎప్పుడూ పాటించారని నేననలేను. మ్యూజియం వాళ్ల బాధ కూడా అబద్ధం కాదు. నడిపితే అసలు ముక్కలు అరుగుతాయి. నడపకపోతే నడిపే విద్య అరుగుతుంది. నన్నడిగితే రెండోదే పెద్ద నష్టమంటాను. ముక్క పోతే డ్రాయింగు చూసి మళ్లీ చేసుకోవచ్చు.

1997 జూలై 18న మెయిన్ లైను మీద ఒంటరి పరుగు అయ్యాక, అక్టోబరు 17న ప్రయాణికులతో ఢిల్లీ కంటోన్మెంటు నుంచి రాజస్థాన్‌లోని ఆల్వార్‌కి బయలుదేరింది. 143 కిలోమీటర్లు. రెండు రోజుల విహారం. ఆల్వార్ నుంచి సరిస్కా పులుల అడవి చూపించి తీసుకొచ్చేవారు. అరవై మంది ప్రయాణికులు. 1998 జనవరి 13న గిన్నిస్ వారి పత్రం వచ్చింది: క్రమం తప్పక నడుస్తున్న ఆవిరి ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతది. మరుసటి ఏడాది ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా జాతీయ పర్యాటక పురస్కారం. ఇందులో ‘క్రమం తప్పక’ అన్న మాట మీద వేలు పెట్టి చదవాలి. అమెరికాలో 1831 నాటి జాన్ బుల్ ఇంజనుని స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్లు 1981లో దాని 150వ పుట్టినరోజుకి సొంత ఆవిరితో నడిపారు. వయసులో మనదాని కంటే పెద్దదే. కానీ అది పండగ పూట గడప దాటిన తాతగారు. మనది టిక్కెట్టు తీసుకున్నవాళ్లను ఎక్కించుకుని, ఊరు చేర్చి, మళ్లీ తెచ్చి దించింది. రికార్డుల పుస్తకంలో ఆ తేడా ఒక విశేషణం. పట్టాల మీద మాత్రం అది ఉద్యోగం.

ఉద్యోగం మొదలయ్యాక మళ్లీ కష్టాలూ మొదలయ్యాయి. 2011లో ఢిల్లీలో నిలిపి ఉంచిన ఇంజను మీద దొంగలు పడ్డారు. ఊడి వచ్చే భాగాలు ఊడదీసుకుపోయారు, మిగతాది పాడుచేశారు. 1857 గండం దాటింది, రెండో ప్రపంచయుద్ధపు ఇనుప కరువు దాటింది. తూకానికి అమ్ముకునే చిల్లర దొంగలకి దొరికిపోయింది. మళ్లీ పెరంబూరు. పోయిన భాగాలకి అంగట్లో స్పేర్లు దొరకవు కదా. 1855 నాటి ఇంజనుకి ప్రతి ముక్కా అచ్చుపోసి, పోత పోసి, చెక్కి, సానబెట్టి చేసుకోవాల్సిందే. 2012 డిసెంబరు 22న తిరిగి పనిలో చేరింది. కొన్నాళ్లకి బాయిలరు మొరాయించింది. మళ్లీ రిపేరు. 2017 ఫిబ్రవరి 11న మళ్లీ బయలుదేరింది, ఈసారి ఆల్వార్ కాక హర్యానాలోని రేవాడీ దాకా. రేవాడీలో 1893 నాటి ఆవిరి షెడ్డు ఉంది. మిగిలిన పాత ఇంజన్లకు ఇప్పుడు అది వృద్ధాశ్రమమూ, వ్యాయామశాలా రెండూను. మర్నాడు ఉదయం బండి కదలాలంటే ముందు రోజే పొయ్యి రాజేయాలి. ఆ చల్లటి ఇనుమంతా నెమ్మదిగా వేడెక్కాలి. తొందరపెడితే ఒకచోట సాగి ఒకచోట సాగక అతుకులు కారతాయి. రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని, గేజు గ్లాసులో నీటి మట్టం చూస్తూ, పారతో కొంచెం కొంచెం బొగ్గు పరుస్తూ ఉండాలి. స్విచ్చి నొక్కితే లేచేది కాదు.

ఈలోగా అక్క సంగతి. నంబరు 21, ఎక్స్‌ప్రెస్. అదీ శతాబ్దం పైగా ప్రదర్శన వస్తువుగానే గడిపింది. చెల్లెలికి వచ్చిన పేరు చూశాక దాన్నీ పెరంబూరుకి తెచ్చారు. 2010 ఆగస్టు 15న, హౌరా తొలి రైలు నడిచిన తేదీకే, చెన్నైలో అది పట్టాలెక్కింది. అప్పటినుంచి అడపాదడపా పండగ రోజుల్లో ఎగ్మూరు నుంచి కోడంబాకం దాకా ఒక పెట్టెని లాగుతుంది. పక్క ట్రాకు మీద ఎలక్ట్రిక్ బండ్లు దాన్ని దాటిపోతుంటే జనం వాటి తలుపుల దగ్గర వేలాడుతూ ఫోన్లు పైకెత్తుతారు. ఒకే ఏడాది, ఒకే కార్ఖానా. నంబరు ప్రకారం ఎక్స్‌ప్రెస్‌దే ముందు వరస. రికార్డు మాత్రం 22 పేరు మీద ఉంది.